ఆర్ట్స్ కాలేజీ స్టేషన్ నుంచి బేగంపేట దాకా

మా అక్క కూతురు జన్యుశాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తి చేసింది. పిహెచ్‌డి చేస్తానంటోంది. చేరేముందు ఉస్మానియా యూనివర్సిటీలో ఇప్పటిదాకా ఏమేం పరిశోధనలు జరిగాయో ఒకసారి తిరిగి చూడాలని తన కోరిక. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకూ అక్కడ పని ఉంది. నల్లగొండలో పొద్దున్నే రైలెక్కి, సికింద్రాబాద్‌లో దిగి, ఎంఎంటీఎస్ లోకల్ రైలు పట్టుకుని ఆర్ట్స్ కాలేజీ స్టేషన్లో దిగాం.

ఆర్ట్స్ కాలేజీ భవనం గురించి చాలామంది రాశారు కాబట్టి నేను ఎక్కువ రాయను. 1939లో ప్రారంభమైన ఆ గులాబీ రంగు రాతి కట్టడం ముందు అందరిలాగే ఫొటోలు దిగాం. యూనివర్సిటీ వయసు అంతకంటే ఎక్కువ. 1917లో నిజాం ఫర్మానా, అంటే రాజాజ్ఞ, వచ్చింది, 1919లో ఆబిడ్స్ వైపు తరగతులు మొదలయ్యాయి. బోధన అంతా ఉర్దూలోనే. దానికోసం అనువాద విభాగం ఒకటి పెట్టి సైన్సు, వైద్యం, చరిత్ర పుస్తకాలన్నీ ఉర్దూలోకి తెప్పించారు. అప్పటి హైదరాబాద్ రాష్ట్రంలో ఎక్కువమంది ఇంటి భాష ఉర్దూ కాదు, మన తెలుగు పిల్లలు కష్టపడే చదివారు. ఆ మాట దాచక్కర్లేదు. అయినా డాక్టరు చదువు కూడా ఒక దేశభాషలో చెప్పొచ్చని నూరేళ్ల కిందటే చేసి చూపించింది ఈ యూనివర్సిటీయే. ఇంగ్లిష్ లేకపోతే పైచదువులు లేవు అనేవాళ్లకు నేనైతే ఈ సంగతే చెప్తాను.

క్యాంపస్‌లోనే దాయిరతుల్ మారిఫ్ అనే సంస్థ ఉంది. 1888లో పుట్టింది, అంటే యూనివర్సిటీ కంటే వయసులో పెద్దది. పాత అరబ్బీ రాతప్రతులను పరిష్కరించి అచ్చు వేయడం వీళ్ల పని. ఒకే గ్రంథానికి వేరువేరు దేశాల గ్రంథాలయాల్లో ఉన్న ప్రతులు తెప్పించి, ఒక్కో మాటా సరిచూసి, ప్రతికీ ప్రతికీ మాటల్లో ఉన్న తేడాలు పేజీ అడుగున వేస్తారు. నాకు మన తాళపత్రాల మీద పనిచేసిన పండితులు గుర్తొచ్చారు. పాతకాలపు వైద్యుడు అల్ రాజీ వైద్య గ్రంథం 23 భాగాలు, పండితుడు అల్ బిరూనీ మన దేశం గురించి రాసిన పుస్తకం, ఇవన్నీ ఇక్కడ అచ్చయినవే. అల్ సూఫీ అనే ఖగోళ శాస్త్రవేత్త 10వ శతాబ్దంలో నక్షత్రాల మీద రాసిన గ్రంథాన్ని 1954లో వేశారు. అందులో ఒక్కో నక్షత్ర మండలానికి రెండేసి బొమ్మలు ఉంటాయి. ఒకటి నేల మీద నిలబడి చూస్తే కనిపించినట్టు, రెండోది గోళం మీద గీసినట్టు కుడిఎడమలు మారి. నాకు అరబ్బీ ఒక్క ముక్క రాదు. అయినా ఇలాంటి పుస్తకం మన తార్నాక పక్కన అచ్చయిందంటే గర్వంగా అనిపించింది.

ఇక నా సంగతి. నేను ఇక్కడికి వచ్చిందే జానపద పరిశోధకులు బిరుదురాజు రామరాజు గారి పని కోసం. వరంగల్ జిల్లా దేవునూరులో పుట్టిన మనిషి. తెలుగు జానపద గేయాల మీద ఉస్మానియాలో పిహెచ్‌డి చేశారు. 1958లో అది పుస్తకంగా వచ్చింది. కావ్యాలు, ప్రబంధాలు తప్ప మిగతావి సాహిత్యమే కాదనుకునే రోజుల్లో నాట్లేసే కూలీల పాటా, దంచేవాళ్ల పాటా, జోలపాటా పట్టుకుని డాక్టరేట్‌కి వెళ్లారాయన. ఆ పాటలు లైబ్రరీల్లో దొరికేవి కావు, ఊళ్లు తిరిగి పాడించుకుని రాసుకోవాల్సిందే. ఆయన తర్వాత తెలుగు శాఖల్లో జానపదం ఒక దారి అయిపోయింది.

1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఇక్కడికి వచ్చి భాషాశాస్త్ర శాఖను నిలబెట్టారు. ఆయన్ని తెలుగు ధాతువుల, అంటే క్రియల మూలరూపాల, పండితుడిగానే ఎక్కువమంది ఎరుగుదురు. అరకు కొండల వైపు మాట్లాడే 'కొండ' అనే పేరుగల భాషకు వ్యాకరణం రాసిందీ ఆయనే, 1969లో. కావ్యాలు లేని, లిపి లేని భాషకు క్రియారూపాలన్నీ మాట్లాడేవాళ్ల నోట విని పట్టిక వేయడమంటే ఎంత ఓపిక కావాలి! నా దృష్టిలో ఆయన పెద్ద గ్రంథాలకు ఇది ఏమాత్రం తీసిపోదు.

మధ్యాహ్నం తార్నాకలో భోంచేసి మెట్రో ఎక్కాం. లైన్ మారే పని లేకుండా నేరుగా బేగంపేట. అక్కడ ఉన్న నిజామియా అబ్జర్వేటరీ కథ నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

1901లో నవాబు జఫర్ జంగ్ హైదరాబాద్‌లోని ఫిసల్‌బండలో సొంతంగా పెట్టుకున్న వేధశాల, అంటే ఆకాశాన్ని పరిశీలించే చోటు, అది. తర్వాత బేగంపేటకు మారి 1919లో యూనివర్సిటీ చేతికొచ్చింది. అప్పటికి ప్రపంచంలో ఒక పెద్ద పని నడుస్తోంది. ఆకాశం మొత్తాన్ని ఫొటోలు తీసి నక్షత్రాలన్నిటి స్థానాలూ లెక్కగట్టాలని 1887లో పారిస్‌లో నిర్ణయించి, ఆకాశాన్ని పట్టీలుగా చేసి వేధశాలలకు పంచారు. చిలీలోని శాంటియాగోకు ఇచ్చిన పట్టీ అక్కడ ముందుకు సాగకపోవడంతో హైదరాబాద్‌కు వచ్చింది. ఖగోళ మధ్యరేఖకు, అంటే భూమధ్యరేఖకు సూటిగా ఆకాశంలో ఊహించుకునే గీతకు, దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల దాకా.

పని ఎలా జరిగేదంటే, అరచేతికి కాస్త పెద్దదైన గాజు పలక మీద రెండు డిగ్రీల మేర ఆకాశాన్ని ఫొటో తీస్తారు. అదే పలక మీద 5 మిల్లీమీటర్లకో గీత చొప్పున సన్నటి గళ్లు కూడా పడతాయి. పలకను మైక్రోస్కోపు కింద పెట్టి, ఒక్కో చుక్క ఏ గడిలో ఏ గీతకు ఎంత దూరంలో ఉందో కంటితో చూసి కొలిచి రాయాలి. కంప్యూటర్లు లేవు. టి.పి. భాస్కరన్ గారు డైరెక్టరుగా ఏళ్ల తరబడి ఈ పని నడిపించారు. లక్షల నక్షత్రాలు అలా లెక్కకెక్కాయి. కొలిచినవాళ్ల పేర్లు మనకెవరికీ తెలియవు.

ఆ అంకెలు తర్వాత అక్కరకొచ్చాయి. నక్షత్రం ఎటు కదులుతోందో తెలియాలంటే ఇవాళ ఎక్కడుందో చూస్తే చాలదు, దశాబ్దాల కింద ఎక్కడుందో కూడా కావాలి. 1989లో హిప్పార్కస్ ఉపగ్రహం వెళ్లి కొత్త కొలతలు తెచ్చింది. పాతవి ఇలాంటి పలకల నుంచే వచ్చాయి. రెండూ కలిపి 2000లో 25 లక్షల నక్షత్రాలతో టైకో-2 పట్టిక తయారైంది. అందులో మన బేగంపేట కొలతలూ ఉన్నాయి.

ఆ చుట్టుపక్కలే యూనివర్సిటీ జన్యుశాస్త్ర సంస్థ, జన్యు వ్యాధుల ఆసుపత్రి ఉన్నాయి. మా అమ్మాయికి ఇదే గుడి. బయట బెంచీల మీద పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తల్లులు కనిపించారు.

"మామయ్యా, మేనమామకీ మేనకోడలికీ జన్యువుల్లో నాలుగో వంతు ఉమ్మడి, తెలుసా? బావామరదళ్లకి ఎనిమిదో వంతు. లోపమున్న జన్యువు ఒకటే ఇద్దరి దగ్గరా ఉంటే బిడ్డకి రెండు వైపులనుంచీ వచ్చే అవకాశం ఉంటుంది."

"మరి మనవైపు అన్నీ మేనరికాలేగా?"

"అందుకే ఈ పరిశోధన ఇక్కడ జరగాలి. ఇంకెక్కడో చేస్తే మనవాళ్లకి ఏం లాభం?"

నాకు జవాబు దొరకలేదు. మా ఇంట్లోనే మేనరికాలు ఉన్నాయి, ఇలా ఎవరూ మాతో కూర్చుని మాట్లాడలేదు.

తిరుగు రైల్లో 1980 ఫిబ్రవరి 16 గురించి చెప్పాను. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం. నేను చిన్నపిల్లాణ్ణి, ఇంట్లో తలుపులు బిగించి కూర్చోబెట్టారు. మాకు అంత దూరం కాని రంగాపూర్‌లో ఇదే యూనివర్సిటీకి 48 అంగుళాల టెలిస్కోపు ఉండేది. శాస్త్రవేత్తలు అక్కడికి చేరి గ్రహణాన్ని చూశారు. ఆ సంగతి అప్పుడు మాకెవరూ చెప్పలేదు.

వచ్చే వానాకాలం నాట్లప్పుడు మా కాలేజీ పిల్లల్ని రెండు మూడు ఊళ్లకు పంపిద్దామనుకుంటున్నాను. సెల్‌ఫోన్లో పాట రికార్డు చేయడం, పాడినావిడ పేరు, ఊరు, ఏ పనిలో పాడతారు అనేది రాసుకోవడం, అంతే పని. యంత్రాలొచ్చాక నాట్ల పాటలు పాడేవాళ్లు తగ్గిపోయారు, ఆలస్యం చేస్తే దొరకరు. ముందు మా పక్కింటి అవ్వ దగ్గర మొదలుపెడతాం, ఆవిడ సరే అంది.