అంటుకోవడం వేరు, పట్టుకోవడం వేరు

పొద్దున్నే కణాలు పెరిగే ఫ్లాస్కులో, వాటి పట్టు విడదీసే ట్రిప్సిన్ అనే ఎంజైమ్ పోసి మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను. ఎన్నిసార్లు చూసినా ఆ మూడు నిమిషాలు చూపు తిప్పుకోలేను. నాలుగు వైపులా సాగి పరుచుకున్న ఫైబ్రోబ్లాస్ట్ (చర్మం లాంటి కణజాలాల్లో ఉండే) కణం ఒక్కో కొసనూ వదులుకుంటూ ముడుచుకుంటుంది. చివరికి గుండ్రటి ముత్యంలా మెరుస్తూ తేలిపోతుంది.

ఆ కణాలను సీరం (రక్తం నుంచి తీసే ద్రవం) లేని ద్రవంలో కలిపి రెండు గాజు పలకల మీద వేశాను. ఒకదానికి, శరీరంలో కణాల చుట్టూ ఉండే ఫైబ్రోనెక్టిన్ అనే ప్రోటీన్ పూత; ఇంకోదానికి, లైసిన్ అనే అమైనో ఆమ్లం గొలుసైన పాలీలైసిన్ పూత. 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి కడిగాను. రెండింటి మీదా కణాలు నిలిచాయి.

"రెండూ అతుక్కున్నాయి కదా అక్కా, తేడా ఏముంది?" అంది కొత్తగా చేరిన అమ్మాయి.

చదువుకునే రోజుల్లో నాకూ అతుక్కోవడమంటే జిగురే. పాలీలైసిన్‌ది ధనావేశం, కణం పైపొరది రుణావేశం. అక్కడున్నది ఆ ఆకర్షణే. ఫైబ్రోనెక్టిన్‌ను మాత్రం కణమే తన పైపొరలో ఉండే ప్రోటీన్లైన ఇంటెగ్రిన్‌లతో పట్టుకుంటుంది. లోపల ఇంటెగ్రిన్ తోకను టాలిన్ అనే ప్రోటీన్ అందుకుని, రెండో కొసతో కణానికి అస్థిపంజరంలాంటి ఆక్టిన్ తీగలను పట్టుకుంటుంది. 1983లో బరిడ్జ్, కానెల్ అనే శాస్త్రవేత్తలు పెట్టిన టాలిన్ అనే పేరుకు మూలం లాటిన్‌లో చీలమండ. ఎంత చక్కగా కుదిరిందో! మయోసిన్ అనే మోటారు ప్రోటీన్ ఆ తీగలను లాగితే, సుమారు 5 పికోన్యూటన్ల అతి స్వల్ప బలానికే టాలిన్‌లో ఒక మడత విప్పుకుంటుంది. అందులో దాగిన చోట మరో ప్రోటీనైన విన్‌క్యులిన్ వచ్చి చేరి, మరిన్ని తీగలను ముడివేస్తుంది. లాగేకొద్దీ పట్టు బిగుస్తుంది. అక్కడికే ఫాక్ అనే ఎంజైమ్ చేరి, కాలు నిలిచిందన్న కబురు లోపలికి పంపుతుంది. ఆ కబురు అందకపోతే చాలా రకాల కణాలు తమంతట తామే చనిపోతాయి.

ఇదంతా మాటల్లో చెప్పాను గానీ, ఆక్టిన్‌కు ఎరుపు, విన్‌క్యులిన్‌కు ఆకుపచ్చ రంగు పట్టించి సాయంత్రం చీకటి గదిలో మైక్రోస్కోపులో చూపించే వరకు నాకు తృప్తి కలగలేదు. ఫైబ్రోనెక్టిన్ మీద ఎర్రటి ఆక్టిన్ తాళ్లు కణం ఈ చివరి నుంచి ఆ చివరికి బిగుతుగా ఉన్నాయి. ప్రతి తాడు కొసనా వడ్లగింజలాంటి ఆకుపచ్చ మచ్చ, అదే విన్‌క్యులిన్. పాలీలైసిన్ మీద తాళ్లూ లేవు, గింజలూ లేవు. ఆకుపచ్చ రంగు కణమంతా పలచగా కమ్ముకుని ఉంది.

ఆ అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మొదటి పలకను మళ్లీ పెట్టమంది.