కాస్ కాదు, త్సీస్

ఆమ్‌స్టర్‌డామ్ నుంచి నెదర్లాండ్స్ ఉత్తరాన ఉన్న ఫ్రీస్లాండ్ రాజధాని లేవార్డెన్‌కు రైలు టికెట్ రేటు చూసి ప్రాణం ఉసూరుమంది. రెండు గంటలకు పైగా కిటికీలో ఆవులు, కాలవలు, ఆగని వాన. మ్యూజియం, వాలిపోయిన ఓల్డెహోవె గోపురం అన్నీ చూశాను కానీ, మనసులో నిలిచింది మాత్రం శుక్రవారం సంతే.

చీజ్ అమ్మే పెద్దావిడ దగ్గర, నాకొచ్చిన నాలుగు డచ్ ముక్కల్లోంచి "కాస్" అన్నాను. "అది డచ్. మా ఫ్రిసియన్‌లో త్సీస్" అందావిడ ఇంగ్లీషులో. లవంగాలు, జీలకర్ర వేసిన ముక్కొకటి కోసి చేతిలో పెట్టింది. నమిలితే మన మసాలా డబ్బా మూత తీసినట్టుంది.

చర్చిని డచ్‌వాళ్లు కెర్క్ అంటారు, వీళ్లు చెర్కె అంటారు. వానను వాళ్లు రేఖెన్ అంటే వీళ్లు రైన్. 4 లక్షల పైచిలుకు మంది మాట్లాడే ఈ భాష నెదర్లాండ్స్‌లో ఉంటూ ఇంగ్లీషుకు అంత దగ్గర! "బూటెర్, బ్రీఅ ఎన్ గ్రీనె త్సీస్" అని పలకమంది ఆ పెద్దావిడ. వెన్న, రొట్టె, ఆకుపచ్చ చీజ్. 1520లో చనిపోయిన తిరుగుబాటు వీరుడు గ్రుటె పియర్ ఈ మాటతోనే తనవాళ్లెవరో, పరాయివాళ్లెవరో తేల్చేవాడట.

నేను "చీస్" అన్నాను. తల అడ్డంగా ఊపింది. మళ్లీ అన్నా అంతే. అప్పుడు తట్టింది, చాప, చుక్క అన్నప్పుడు మన నోట్లో పలికే చ కదా ఇది! ఇకారం ముందు మనకు ఆ చ రాదు కాబట్టి నాలుక తడబడింది. మూడోసారికి కుదిరింది.

నాకు అమ్మమ్మ గుర్తొచ్చింది. మాది హిందూపురం, ఆవిడ పుట్టిల్లు సరిహద్దు అవతల, కర్ణాటకలోని గౌరిబిదనూరు. అల్లరి చేస్తే "కివి హిండ్తీని" అనేది, అంటే చెవి మెలిపెడతానని. చెరువును కెరె అనేది. అమ్మమ్మకు చ పలకడం రాదనుకునేవాణ్ణి చిన్నప్పుడు. కన్నడం పాత క-కారాన్ని అలాగే ఉంచుకుంది, తెలుగు దాన్ని చ చేసింది. డచ్‌కూ ఫ్రిసియన్‌కూ మధ్య ఉన్నదీ అదే తేడా. అంత దూరం వెళ్లి మా సరిహద్దునే చూసినట్టయింది.

ఆ సంగతి ఆవిడకు చెప్పాలనిపించింది. చెవి పట్టుకుని "తెలుగులో చెవి, కన్నడంలో కివి" అన్నాను. ఆవిడ కత్తి పక్కన పెట్టి, తడి చేత్తో తన చెవి పట్టుకుంది.

"డచ్‌లో ఓర్. మాకు ఇఅర్."