బోరు

ఆదివారం కదా అని పొద్దున్నే అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర మా ఊరికి పోయాను. అన్న చీనీ (బత్తాయి) తోటలో కొత్త బోరు వేయిస్తున్నాడు, పాతది పది నిమిషాలు నీళ్లు పోసి ఆ తర్వాత గాలి కొడుతోంది. వదిన పాయింట్ దగ్గర టెంకాయ కొట్టింది, బోరు వేసే బండి మొదలైంది, ఇంక ఆ చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు.

వేపచెట్టు కింద అన్న కూతురు హోంవర్క్ చేస్తోంది. "చిన్నాయనా, ఇంగ్లీషులో బోర్ అనే మాటతో రెండు వాక్యాలు రాయాలంట, లెక్కలంటే బోరు అని ఒకటి రాసినా, ఇంకోటి చెప్పు" అంది. నేను బండి వైపు చెయ్యి చూపించాను. "అదీ ఇదీ ఒకటేనా?" అని నోరు తెరిచింది.

స్పెల్లింగ్ ఒకటే అని చెప్పాను. తొలిచిన రంధ్రం బోరు, తుపాకి గొట్టం లోపలి బోలు కూడా బోరే. ట్వెల్వ్ బోర్ తుపాకి అంటే ఆ గొట్టంలో సరిగ్గా పట్టే సీసం గుండ్లు పన్నెండు కలిస్తే ఒక పౌండు బరువు. విసుగు అనే అర్థం మాత్రం 18వ శతాబ్దంలో వచ్చింది, ఎక్కడి నుంచి వచ్చిందో నిఘంటువులు కూడా తేల్చలేదు.

చెప్తున్నానే గానీ నా మనసంతా మన బోరు మీదే ఉంది. ఇంగ్లీషులో బోర్‌వెల్ అంటే మనం అందులో బావిని వదిలేసి రంధ్రాన్ని మాత్రం ఉంచుకున్నాం. తాత ఎద్దులతో కపిల తోలి నీళ్లు తోడిన బావిలో తొంగి చూస్తే నీళ్లు కనపడేవి, ఎంత ఉన్నాయో ఎంత తగ్గాయో పిల్లలకు కూడా తెలిసేది. ఇప్పుడు ఆరున్నర అంగుళాల రంధ్రంలో ఏముందో ఎవరికి తెలుసు? ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని జిల్లాలో బోరు పోసే నీళ్లను ఇంచుల్లో లెక్కపెడతాం, పెళ్లి సంబంధం వస్తే ఎన్ని ఎకరాలు అన్న తర్వాత ఎన్ని బోర్లు అని అడుగుతాం, ఎండిపోతే బోరు ఫెయిలైంది అంటాం. పిల్లోడు పరీక్ష తప్పితే అనే మాటే అది, నాకు విన్నప్పుడల్లా అన్న ముఖమే గుర్తొస్తుంది.

పాప రెండో వాక్యం రాసుకుంది, మా నాయన బోరు వేయిస్తున్నాడు అని.

సాయంత్రం బస్సెక్కేటప్పటికి నాలుగు వందల అడుగులు. ఇప్పుడే వదిన ఫోన్ చేసింది. ఏడు వందలు దాటినా దుమ్మేనంట, అడుగుకింత అని లెక్క పెరుగుతున్నా అన్న ఇంకో వంద వేయమన్నాడంట. వెనకాల బండి చప్పుడు వినపడుతూనే ఉంది.