వేసెక్టమీ ధ్రువపత్రం చేతికొచ్చే వరకు: నా అనుభవం

మాది కోనసీమలో వైనతేయ పాయ ఒడ్డున ఉన్న పల్లెటూరు. రెండో కాన్పుకు నన్ను ఆపరేషన్ గదిలోకి తీసుకువెళ్లబోతుండగా నర్సు ఒక కాగితం తెచ్చి, "ఇద్దరవుతున్నారు కదమ్మా, పిల్లలు పుట్టకుండా కూడా ఇప్పుడే చేసేస్తారు, సంతకం పెట్టు" అన్నారు. ఎనిమిదో నెలలోనే పుట్టబోతున్న బిడ్డ దక్కుతాడో లేదో తెలియని ఆ ఘడియలో, ఇక పిల్లలు వద్దని రాసి ఇవ్వడానికి నాకు చేతులు రాలేదు. బాబు 1,700 గ్రాముల బరువుతో పుట్టి 18 రోజులు వార్మర్ కింద ఉన్నాడు. నేను తొందరపడకపోవడమే మంచిదైందని ఇప్పటికీ అనుకుంటాను.

గర్భం రాకుండా మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజక్షన్, ఛాయ మాత్రలు, కాపర్-టీ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా దొరుకుతాయని మా ఊరి ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎం) చెప్పేదాకా నాకు తెలియదు. రెండేళ్లు అంతర వేయించుకున్నాను. బాబు కోలుకుని నడక నేర్చాక, శాశ్వత పద్ధతి గురించి నేనూ మావారూ మాట్లాడుకున్నాం.

మా అమ్మ, పిన్ని, వదిన, అందరూ ట్యూబెక్టమీ, అంటే ఆడవారికి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, చేయించుకున్నవారే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15–49 ఏళ్ల వివాహిత స్త్రీలలో సుమారు 70 శాతం మందికి ఆ ఆపరేషన్ జరిగింది. భర్త వేసెక్టమీ, అంటే మగవారికి చేసే ఆపరేషన్, చేయించుకున్నవారు నూటికి ఒక్కరు కూడా లేరు. అదే సర్వే ప్రకారం సగటున ఒక స్త్రీకి 1.7 మంది పిల్లలే పుడుతున్న రాష్ట్రంలో పిల్లలు పుట్టకుండా చూసుకునే భారమంతా ఆడవారి కడుపు మీదే పడటం నాకు అన్యాయంగా తోచింది. ఇప్పటికే రెండుసార్లు కోత పడిన నన్ను మళ్లీ పంపడం ఇష్టం లేక, మావారే తాను చేయించుకుంటానన్నారు.

అత్తయ్యగారు బెంగపడ్డారు. "రొయ్యల చెరువు గట్టున మేత బస్తాలు మోసేవాడు, రేపు నీరసించిపోతే ఎలాగమ్మా?" అని రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. ఆమె భయం ఆమెది. అందుకే ఏఎన్ఎంను ఇంటికి పిలిపించి, వృషణాల పనికి ఏ అడ్డూ ఉండదనీ, వీర్యకణాలు బయటికి వచ్చే నాళాలను మాత్రమే కత్తిరించి ముడివేస్తారనీ ఆమెకే చెప్పించాను.

ఆసుపత్రిలో రక్త, మూత్ర పరీక్షలయ్యాక డాక్టరుగారు మా ఇద్దరినీ కూర్చోబెట్టి, దీన్ని శాశ్వతమనుకునే చేయించుకోవాలని, మళ్లీ కలిపే ఆపరేషన్ ప్రతిసారీ ఫలించదని వివరించి, ఆ తరువాతే మావారి సంతకం తీసుకున్నారు. కాన్పు రోజున నాకు దక్కనిది ఆ పావుగంట మాటే. కోత, కుట్టు లేని పద్ధతిలో, మత్తు సూది ఆ చోటికి మాత్రమే ఇచ్చి, అరగంటలోపే ముగించారు. ఆయన తనంతట తానే నడిచి బయటికి వచ్చారు. రెండు రోజులు విశ్రాంతి తీసుకుని, వారం దాకా బరువులు ఎత్తలేదు. ఆ వారం మేత చల్లే పని మా మరిది చూసుకున్నాడు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. వేసెక్టమీ ఆ రోజు నుంచే పనిచేయదు. నాళాల్లో మిగిలిన కణాలు పోయేదాకా మూడు నెలలు నిరోధ్ వాడాలి, ఆ తరువాత వీర్య పరీక్ష చేయించాలి. మా మొదటి పరీక్షలో ఇంకా కొన్ని కణాలు కనిపించాయి. నేను కంగారుపడ్డాను గానీ, కొందరికి ఇలా ఆలస్యమవుతుందని చెప్పి మరో నెలకు రమ్మన్నారు. రెండోసారి కణాలేవీ లేవని నివేదిక వచ్చాకే ధ్రువపత్రం ఇచ్చారు, ఆ రోజు నుంచే నిరోధ్ వాడటం మానేశాం.