తల్లికీ గురువుకీ నడుమ కుజుడు

ధరణీగర్భ సంభూతం విద్యుత్కాంతి సమప్రభమ్ ।
కుమారం శక్తిహస్తం తం మంగళం ప్రణమామ్యహమ్ ॥

మంగళవారం నవగ్రహాల చుట్టూ తిరిగేవాళ్ల నోట తప్పక వినిపించే శ్లోకం. భూమి కడుపున పుట్టినవాడు, మెరుపులా వెలిగేవాడు, చేత శక్తి ఆయుధం పట్టిన కుమారుడు అని అర్థం. నా మనసు ఎప్పుడూ 'కుమారం' దగ్గరే ఆగుతుంది. పెళ్లిసంబంధాల వేళ కుజదోషమంటూ ఎవరి పేరు చెబితే హడలిపోతామో, శ్లోకం ఆయన్ని కుర్రవాడంటోంది.

మండపంలో ఆ కుర్రతనం కనబడదు. సూర్యుడికి దక్షిణాన ఎర్రబట్టతో, ముందు కాసిని కందులతో నిలబడ్డ అంగారకుడు మిగతావాళ్లంత ఎత్తూ ఉంటాడు. శిల్పి ఎవరినీ తక్కువ చేయలేదు. ఆకాశంలో లెక్క వేరు. భూమి వ్యాసం 12,742 కిలోమీటర్లు, కుజుడిది 6,779. భూమి నిమ్మకాయైతే ఆయన రేగిపండు. మనకు ఇటుపక్క పొరుగు శుక్రుడు 12,104 కిలోమీటర్లతో ఇంచుమించు మరో నిమ్మకాయే. కుజుడికి అటుపక్క గురువు మాత్రం పెద్ద గుమ్మడికాయ: 1,39,820 కిలోమీటర్లు. తల్లికీ గురువుకీ నడుమ తిరిగే పిల్లవాడన్నమాట.

వ్యాసం సగమైనంత మాత్రాన బరువు సగం కాదు. భూమిని డొల్ల చేసి నింపితే ఆరుగురు కుజులు పట్టి ఇంకా చోటు మిగులుతుంది. ద్రవ్యరాశి పదో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. అంగారకుడి పేర దానమిచ్చే కిలోంపావు కందుల్ని అక్కడ స్ప్రింగు కాటాకు తగిలిస్తే అర కిలో కూడా చూపించవు.

ఇది చదివి 'మనవాళ్లకి కుజుడి కొలత ముందే తెలుసు' అని వాట్సాప్‌లో పంపకండి, దయచేసి. ఆ శ్లోకం కొలబద్ద పట్టుకుని చెప్పింది కాదు. శివుడి చెమటబొట్టు నేల రాలితే భూదేవి ఎత్తుకుని పెంచిందన్న పురాణ కథలోంచి వచ్చిన మాట అది. భౌముడన్నా కుజుడన్నా భూమి కొడుకనే అర్థం. ఆ చుట్టరికం చాలు నాకు.

చిన్నవాడు కావడమే ఆయన కష్టం. గుండిగలో అన్నం చాలాసేపు పొగలు కక్కుతుంది, గిన్నెలోకి తీసింది ఇట్టే చల్లారిపోతుంది. కుజుడి లోపలి వేడీ అలాగే తగ్గి, ఒంటిని కాచే అయస్కాంత కవచం పోయింది. గాలిని పట్టి ఉంచే ఆకర్షణ ముందే తక్కువ. సూర్యుడి నుంచి దూసుకొచ్చే కణాలు పైగాలిని కొంచెం కొంచెంగా ఊడ్చుకుపోయాయి. ఇప్పుడక్కడి గాలి ఒత్తిడి మనదాంట్లో నూరో వంతుకూడా లేదు. ఒకప్పుడు ఏరులు పారిన జాడలు మాత్రం ఉన్నాయి. తొలినాళ్లలో గురుగ్రహం లోపలికి జరిగొచ్చి, కుజుడికి దక్కాల్సిన రాతిముద్దల్ని చెదరగొట్టిందని కొందరు శాస్త్రజ్ఞుల ఊహ. గురువు చేరువై పిల్లవాడు బక్కచిక్కాడంటే ఏ జ్యోతిష్కుడూ ఒప్పుకోడు!

నవగ్రహ ఆవాహనలో నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం ఇక్కడే వస్తుంది. ప్రతి గ్రహానికీ తోడుగా పిలిచే ఇద్దరు దేవతలు, అధిదేవత, ప్రత్యధిదేవత ఉంటారు. కుజుణ్ణి 'అగ్నిర్మూర్ధా' మంత్రంతో పిలిచాక, అధిదేవతగా పిలిచేది సాక్షాత్తూ పృథివినే.

స్యోనా పృథివి భవానృక్షరా నివేశనీ । యచ్ఛా నశ్శర్మ సప్రథాః ॥

ముళ్లు లేకుండా సుఖంగా ఉండు తల్లీ, మాకు నివాసమవు, విశాలమైన ఆశ్రయమివ్వు అని. 'సప్రథాః' అంటే విశాలమైనది. చిన్ననాటి నుంచి వింటున్న మాటే, కొలతలు తెలిశాక వేరేలా వినిపిస్తోంది. ఆ విశాలత వల్లే కదా ఇక్కడ గాలి నిలిచింది, నీరు నిలిచింది. ఆ రెండూ నిలవని కొడుకు పక్కన నిలబెట్టి ఆవిణ్ణి అడుగుతున్నాం.

2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి మంగళయాన్ బయల్దేరింది. ఆ రోజు మంగళవారమే. రాకెట్ ఎక్కగానే అది నేరుగా కుజుడి దారి పట్టలేదు. మూడు వారాలకు పైగా భూమి చుట్టూనే తిరిగింది, చుట్టు చుట్టుకీ వలయం పెంచుకుంటూ. తల్లికి అన్ని ప్రదక్షిణలు చేశాకే కొడుకు వైపు మళ్లింది. 2014 సెప్టెంబరు 24న చేరింది.