మెడ నొప్పికి అలెన్ కీ

పొద్దున లేచి కుడివైపు చూద్దామంటే మెడ తిరగదు, భుజాలతో సహా మనిషంతా తిరగాల్సి వచ్చింది. నిన్న సైకిల్ మీద కాస్త ఎక్కువ దూరమే వెళ్లాను, దిగేటప్పుడే తల వెనక కింది భాగంలో పట్టేసినట్టు ఉంది, పడుకుంటే పోతుందిలే అనుకున్నాను. పోలేదు.

ఇంట్లో తలా ఒక మాట. తలగడ మార్చమని ఒకరు, అసలు సైకిలే మానెయ్యమని ఇంకొకరు. మానెయ్యమనడం ఎంత తేలికో! ఎంత నడిచినా రాని నొప్పి సైకిల్ ఎక్కిన మర్నాడే వస్తోందంటే చూడాల్సింది నేను దాని మీద కూర్చునే తీరు కదా.

అందుకే సైకిల్‌ని గోడకి ఆనించి, ఎక్కి కూర్చుని, తమ్ముడితో పక్క నుంచి ఫోటో తీయించాను. మోచేతులు కర్రల్లా బిగుసుకుని ఉన్నాయి, భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి, గడ్డం ముందుకు పొడుచుకొచ్చి ఉంది. మనిషి తలే 4, 5 కిలోలుంటుంది, పైన హెల్మెట్. నిటారుగా ఉన్నంతసేపూ ఆ బరువు వెన్నెముక మీద నిలుస్తుంది, అదే ముందుకి వంగి, రోడ్డు కనపడాలని తల పైకెత్తామంటే మెడ వెనక కండరాలు దిగేదాకా బిగుసుకునే ఉండాలి. నొప్పి రాక ఏం చేస్తుంది.

అసలు తిరకాసు సీటు దగ్గర దొరికింది. దాని ముక్కు కొంచెం కిందికి వాలి ఉంది, దాంతో నేను ముందుకు జారుతూ, జారకుండా చేతులతో హ్యాండిల్‌ని నెడుతూ ఉన్నానన్నమాట, ఆ భారమంతా భుజాల మీదుగా మెడకి చేరుతోంది. అలెన్ కీతో, అంటే బోల్టుల తలలోని ఆరు పలకల గుంటలో పెట్టి తిప్పే వంకర కడ్డీతో, సీటుని సమంగా బిగించాను. తర్వాత హ్యాండిల్. హ్యాండిల్‌ని సైకిల్‌కి కలిపే చిన్న భాగాన్ని స్టెమ్ అంటారు, దాని పైన ఊరికే ఉన్న రింగుల్ని కిందికి మార్చితే హ్యాండిల్ కాస్త పైకొచ్చింది. ఇక్కడొక సంగతి, పైన మూత మీదుండే బోల్టు హ్యాండిల్‌ని పట్టుకునేది కాదు, లోపలి బేరింగుల లూజు తీసేది, కాబట్టి ముందు దాన్ని మెల్లగా బిగించి ఆ తర్వాతే స్టెమ్ పక్క బోల్టులు బిగించాలి. ముందు చక్రం బ్రేకు పట్టి సైకిల్‌ని ముందుకూ వెనక్కూ ఊపితే కటకట లాడకూడదు. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి వైర్లు లాగట్లేదని కూడా చూసుకున్నాను. హెల్మెట్‌కి ముందుండే చిన్న చూరు ఊడదీసేశాను, దాని కింద నుంచి చూడ్డానికే సగం తల ఎత్తాల్సి వచ్చేది.

మధ్యాహ్నం వేడి నీళ్ల బ్యాగు పెట్టుకుని కూర్చుంటే ఒకటి చదివాను. 1983లో అమెరికాని ఈ చివర నుంచి ఆ చివరకి దాటే సైకిల్ రేసులో మైఖేల్ షెర్మర్ అనే రైడర్‌కి మెడ కండరాలు పూర్తిగా చేతులెత్తేసి తల నిలబడలేదట, అప్పటి నుంచి ఆ బాధకి షెర్మర్స్ నెక్ అనే పేరు పడిపోయింది. నా నొప్పి ఆ స్థాయిది కాదులెండి. చేతివేళ్లు తిమ్మిరెక్కడం, పట్టు తగ్గడం లాంటివి ఉంటే అలెన్ కీ పక్కన పడేసి డాక్టర్ దగ్గరికి పరిగెత్తేవాణ్ణే, అవేవీ లేవు.

సాయంత్రం కొద్ది దూరం తొక్కి చూశాను. నిన్నటి పట్టు ఇంకా ఉంది కాబట్టి మెడ సంగతి ఇప్పుడే చెప్పలేను కానీ అరచేతుల మీద బరువు తగ్గినట్టు మాత్రం స్పష్టంగా తెలిసింది. మోచేతులు కొంచెం వంచి, భుజాలు కిందికి వదిలేసి తొక్కాలని నాకు నేనే గుర్తు చేసుకోవాల్సి వస్తోంది, రెండు నిమిషాలు మర్చిపోతే మళ్లీ చెవుల దగ్గరికి లేస్తున్నాయి. నిటారుగా కూర్చున్నందుకు ఎదురుగాలి కాస్త ఎక్కువే తగిలింది, ఫర్వాలేదు, నేనేం రేసులకి వెళ్లట్లేదు.

ఓ వారం ఇలాగే తొక్కి, అప్పటికీ పట్టేస్తుంటే పొట్టి స్టెమ్ కొనాలి. ఇంట్లో మాత్రం ఇప్పుడే చెప్పను.