సంక్రాంతి కప్పుకు మా సొంత డిజిటల్ కార్డులు: పని ఎక్కడిదాకా వచ్చింది

దీపావళి అయ్యాక

ఈ సంక్రాంతికి మా టెన్నిస్ బాల్ టోర్నమెంట్‌లో కప్పు, షీల్డులతో పాటు ఆటగాళ్లకు డిజిటల్ కార్డులు కూడా ఇవ్వాలని నిర్ణయమైంది. నిర్ణయించింది నేనే. మిగతావాళ్లు "నీ ఇష్టం అన్నా, కప్పు సైజు మాత్రం తగ్గించద్దు" అన్నారు. ఇంకెవరైనా తమ ఊరి టీంకు ఇలాంటిది చేయాలనుకుంటే పనికొస్తుందని, ఏ పని ఎలా సాగిందో రాసిపెడుతున్నా.

క్రీడల ఎన్‌ఎఫ్‌టీలు, అంటే ఇలాంటి డిజిటల్ కార్డులే, పోగేయడం నాకు కొన్నేళ్లుగా ఉన్న అలవాటు. మొదలైంది ఎన్‌బీఏ టాప్ షాట్‌తో. డాపర్ ల్యాబ్స్ అనే కంపెనీ 2020లో తెచ్చింది. బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లోంచి కొన్ని సెకన్ల వీడియో, దానికో వరుస నంబర్, అది ఎవరి పేరున ఉందో ఫ్లో అనే బ్లాక్‌చెయిన్‌లో (ఎన్నో కంప్యూటర్లు కలిసి ఉంచే, వెనక్కి వెళ్లి దిద్దలేని చిట్టాలో) ఒక రికార్డు. ఆటగాడి జెర్సీ నంబరూ, కార్డు వరుస నంబరూ ఒకటే అయితే దానికి గిరాకీ ఎక్కువ. తర్వాత సోరారే ఫుట్‌బాల్ కార్డుల మీద పడ్డాను. ఫ్రాన్స్ కంపెనీ. ఒక ఆటగాడికి ఒక సీజన్‌లో లిమిటెడ్ రకం 1,000, రేర్ 100, సూపర్ రేర్ 10, యునీక్ ఒకే ఒక్కటి. అనంతపురం వాడికి స్పెయిన్ ఫుట్‌బాల్ గోల ఏందని ఇక్కడ ఎవరూ అడగరు. ఇక్కడి స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీని పెట్టిన విన్సెంట్ ఫెర్రర్‌ది స్పెయినే కదా.

క్రికెట్ మీద ఊరికి కొత్తగా ఊపు వచ్చింది మాత్రం 2024 సెప్టెంబర్‌లో. దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు ఆర్డీటీ గ్రౌండ్‌లోనే జరిగాయి. ఫోన్ తెరల మీద తప్ప మేం చూడని ఆటగాళ్లు కళ్ల ముందే ఆడారు. ఆ తర్వాత మా పిల్లలకు జెర్సీ నంబర్ల పిచ్చి ముదిరింది. ప్రస్తుతం ఒకే టీంలో 18 వేసుకునేవాళ్లు ముగ్గురు.

సరే, కంపెనీల కార్డులు కొనుక్కోక సొంతంగా చేయడం ఎందుకు? ఎఫ్1 డెల్టా టైమ్ అని ఒక కార్ రేసింగ్ గేమ్ ఉండేది. 2019లో అందులో "1-1-1" అనే ఒక్క కారు లక్ష డాలర్లకు పైగా పలికింది. ఫార్ములా వన్ లైసెన్స్ పోయింది, 2022 మార్చిలో గేమ్ మూసేశారు. కారు ఎవరిదో చెప్పే టోకెన్ బ్లాక్‌చెయిన్‌లో భద్రంగానే ఉంది, నడపడానికి గేమే లేదు. పట్టాదారు పాసుపుస్తకం బీరువాలో ఉండి, పొలం వంక కోసుకుపోయినట్టు. అమెరికాలో డ్రాఫ్ట్‌కింగ్స్ అనే బెట్టింగ్ కంపెనీ కూడా 2024 జూలైలో తన ఎన్‌ఎఫ్‌టీ వ్యాపారాన్ని ఉన్నపళంగా ఆపేసింది. అందుకే మా కార్డులకు ఒక షరతు పెట్టుకున్నా: రేపు నేను ఊరు వదిలి వెళ్లినా, ఆసక్తి పోయి ఊరుకున్నా, కార్డు తెరుచుకోవాలి. చేసిన ప్రతి ఎంపికా దీన్ని బట్టే.

డిసెంబర్ మొదట్లో: ఫొటోలు

ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున ఎనిమిది లోపల తీసేయాలి. తొమ్మిదిన్నర దాటితే టోపీ నీడ ముక్కుదాకా దిగుతుంది, మొహంలో పళ్లు తప్ప ఏమీ కనబడవు. ఫోన్‌లో పోర్ట్రెయిట్ మోడ్ ఆపేయండి. వెనక భాగం మసక చేసే తొందరలో అది బ్యాట్ అంచు కూడా కొరికేస్తుంది. కొందరి హెల్మెట్ గ్రిల్ సగం మాయమైంది. మామూలు మోడ్‌లో రెండింతలు జూమ్ పెట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి తీస్తే చాలు.

ఐపీఎల్ జెర్సీలతో వచ్చినవాళ్లను మార్చుకోమన్నాం. ఆ లోగోలు వేరేవాళ్ల ఆస్తి, మన కార్డు మీద ఉండకూడదు. టీవీలో వచ్చిన క్లిప్పులూ అంతే. ఆటగాళ్ల పేర్లు, పరుగుల లెక్కలు వేరే సంగతి. 2023 ఏప్రిల్‌లో, క్రికెట్ డిజిటల్ కార్డుల కంపెనీ రారియో వేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు, అందరికీ తెలిసిన ఆ సమాచారాన్ని వాడుకోకుండా ఆపలేమంది. అయినా మా వాళ్లందరి దగ్గరా ఫొటోకు ఒప్పుకున్నట్టు సంతకాలు తీసుకున్నా.

ఇంటర్ చదివే పిల్లలు కొందరున్నారు. పద్దెనిమిది నిండనివాళ్ల మొహాలు వేయలేదు. వాళ్ల కార్డుల మీద గ్లవ్స్ వేసుకున్న చేతులు, బ్యాట్ పిడి, బంతి పట్టుకున్న వేళ్లు మాత్రమే. ఒకసారి పెట్టాక తీసేయలేనిది ఇది. ఆ వయసులో వాళ్ల తరఫున అంత పెద్ద నిర్ణయం నేను తీసుకోను. తీరా చూస్తే ఆ కార్డులే అందంగా వచ్చాయి. పాత టేపు చుట్టిన పిడి మీద ఎర్రమట్టి మరక ఒకటి ఉంది, దాని ముందు మా కెప్టెన్ గంభీరమైన పోజు దిగదుడుపే.

డిసెంబర్ నడిమధ్య: పేర్లతో తిప్పలు

కార్డు డిజైన్ సుభాష్ రోడ్డు వైపు ఫ్లెక్సీలు చేసే తమ్ముడొకడు చేసిపెట్టాడు. సైజు 1000 బై 1400 పిక్సెళ్లు, ఫైల్ అర ఎంబీ దాటకుండా. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. కానీ అతను టైప్ చేసింది అను ఫాంట్లలో. బొమ్మలో అయితే ఇబ్బంది లేదు. అదే పేరును కార్డు వివరాల ఫైల్‌లోకి కాపీ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, ఎందుకంటే అది యూనికోడ్ కాదు. కాబట్టి వివరాల ఫైల్ విడిగా యూనికోడ్‌లో టైప్ చేసుకోవాలి. ఫైల్ పేర్లు మాత్రం ఉత్త అంకెలు: 1, 2, 3.

ఆ వివరాల ఫైల్‌ను జేసన్ అంటారు. అందులో కార్డు పేరు, ఒకటి రెండు వాక్యాల వివరణ, బొమ్మ ఎక్కడుందో చిరునామా, ఆ కింద జెర్సీ నంబర్, పరుగులు, వికెట్లు లాంటివి. ఇంతే. కానీ తర్వాత దిద్దడం కుదరదు గనక పేర్ల దగ్గర చాలా సమయం పోయింది. ఎవరి పేరు వాళ్లనే టైప్ చేసి వాట్సాప్‌లో పంపమన్నా. ఒకడు ఇంటిపేరు ముందు పెట్టాడు, ఒకడు వెనక. ఒకడు ముద్దుపేరే కావాలన్నాడు. "ఊర్లో నన్ను ఆ పేరుతో ఎవరు గుర్తుపడతారప్పా?" అని వాడి వాదన. నిజమే, ముద్దుపేరే వేశాం.

బొమ్మ ఎక్కడ ఉండాలి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇది. చాలామంది బొమ్మే బ్లాక్‌చెయిన్‌లో ఉంటుందనుకుంటారు. సాధారణంగా ఉండదు, అంత ఫైల్ అక్కడ పెట్టాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అక్కడ ఉండేది టోకెన్ నంబర్, ఎవరిదన్న రికార్డు, వివరాల ఫైల్ ఎక్కడుందో చెప్పే ఒక చిరునామా. ఆ చిరునామా కంపెనీ సర్వర్‌ది అయితే, సర్వర్ ఆగిన రోజు కార్డు గుడ్డిదవుతుంది. ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజ్ దివాలా తీశాక అక్కడ ఉంచిన ఎన్‌ఎఫ్‌టీలకు అదే గతి పట్టింది: బొమ్మ కోసం నొక్కితే దివాలా ప్రక్రియ వెబ్‌సైట్ తెరుచుకుంది.

మేం ఐపీఎఫ్ఎస్ వాడాం, అంటే ఫైళ్లను ఒక కంపెనీ సర్వర్‌లో కాక ఎవరి కంప్యూటర్లలోంచైనా అందించే పద్ధతి. ఇందులో చిరునామా ఫైల్‌లోని సమాచారం నుంచే పుడుతుంది. "బాఫీ" అని మొదలయ్యే 59 అక్షరాల గొలుసు. ఒక్క పిక్సెల్ మారినా గొలుసు మారిపోతుంది, కాబట్టి వెనకనుంచి ఎవరూ బొమ్మ మార్చలేరు. ఇబ్బంది ఇంకోచోట ఉంది. ఎవరో ఒకరు తమ కంప్యూటర్‌లో ఆ ఫైల్ ఉంచుకోకపోతే చిరునామా ఉన్నా ఫైల్ దొరకదు. ఇలా ఉంచడాన్ని పిన్ చేయడం అంటారు. మేం మూడు చోట్ల పిన్ చేశాం: ఉచితంగా కొంత చోటిచ్చే ఒక పిన్నింగ్ సర్వీసులో, మా ఇంటి పాత డెస్క్‌టాప్‌లో, ఫ్లెక్సీ తమ్ముడి షాపు కంప్యూటర్‌లో. మా వీధిలో కరెంటు పోతే షాపున్న టవర్ క్లాక్ వైపు ఉంటుందని నమ్మకం. మొత్తం ఫోల్డర్ కలిపి ఒక సినిమా పాట వీడియో అంత కూడా లేదు, కాబట్టి పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ కెప్టెన్ ఇంట్లో కూడా పెట్టాం.

డిసెంబర్ చివర: టెస్ట్ నెట్

పాలిగాన్ అనే బ్లాక్‌చెయిన్ ఎంచుకోవడానికి కారణం ఫీజు తక్కువ, చాలా వాలెట్లు (కార్డులు ఉంచుకునే యాప్‌లు) దాన్ని గుర్తుపడతాయి. అసలు డబ్బు పెట్టకుండా ముందు పరీక్షించుకునే దాని నకలును టెస్ట్ నెట్ అంటారు, పేరు అమోయ్. పాత పాఠాల్లో ముంబై టెస్ట్ నెట్ అని కనబడితే వదిలేయండి, దాన్ని 2024లో ఆపేశారు. అమోయ్‌కి కావలసిన ఉత్తుత్తి నాణేలు ఫాసెట్ అనే సైట్‌లో ఉచితంగా ఇస్తారు, కాకపోతే రోజుకు కొంచెమే.

కార్డులు ముద్రించే ప్రోగ్రాంను కాంట్రాక్ట్ అంటారు. అది నేనేమీ రాయలేదు. ఓపెన్‌జెప్పెలిన్ వాళ్ల విజార్డ్ అనే వెబ్ పేజీలో టిక్కులు పెడితే కోడ్ అదే వస్తుంది, దాన్ని బ్రౌజర్‌లోనే తెరుచుకునే రీమిక్స్‌లో అతికించి నడపడమే. ఆలోచించాల్సింది రెండు చోట్ల. ఒకటి, కాంట్రాక్ట్‌కు ఈఆర్‌సీ-721 అనే నమూనా వాడాలా, ఈఆర్‌సీ-1155 వాడాలా? ఒకే బొమ్మ పది మందికి ఇవ్వాలంటే 1155 సులువు. మాకు ప్రతి కార్డుకూ విడి నంబర్ కావాలి గనక 721. రెండోది, కాంట్రాక్ట్‌కు యజమానిగా నేను ఉండాలా? ఉంటే రేపు ఇంకో వంద కార్డులు ముద్రించగలను. అప్పుడు "ఒక్కటే కార్డు" అన్న మాటకు విలువేముంది? అందుకని కార్డులన్నీ ఇచ్చాక యాజమాన్యం వదులుకునే బటన్ నొక్కాలని ముందే అందరికీ చెప్పా. అది నొక్కాక యజమాని స్థానంలో అన్నీ సున్నాలే కనబడతాయి.

ఇక వాలెట్లు. వాలెట్ పెట్టుకోగానే పన్నెండు ఇంగ్లిష్ మాటలు ఇస్తుంది, అవి ఉన్నవాడిదే వాలెట్. ఒక పిల్లోడు వెంటనే స్క్రీన్‌షాట్ తీసి "అన్నా ఇదేనా?" అని గ్రూపులో పెట్టాడు. ఆ వాలెట్ అక్కడికక్కడే వదిలేయించి కొత్తది చేయించా. ఆ తర్వాత అందరినీ కూర్చోబెట్టి కాగితం, పెన్ను ఇచ్చి రాయించా. ఆ కాగితం ఎక్కడ పెట్టుకున్నారో నాకు చెప్పొద్దన్నా. అయినా సగం మంది "దేవుడి పటం ఎనక పెట్టినా" అని చెప్పేశారు. సున్నా, ఎక్స్‌తో మొదలయ్యే చిరునామా మాత్రం ఎవరికైనా ఇవ్వొచ్చు, అది బ్యాంకు ఖాతా నంబర్ లెక్క.

అమ్ముకోవడం గురించి అడిగినవాళ్లకు

అందరూ అడిగారు కాబట్టి రాస్తున్నా. మన దగ్గర ఇవి వర్చువల్ డిజిటల్ ఆస్తుల కింద వస్తాయి. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం పన్ను, సెస్సు అదనం. కొన్న ధర తప్ప ఇంకే ఖర్చూ తీసేయడానికి లేదు. ఒకదాంట్లో వచ్చిన నష్టం ఇంకోదాని లాభంలో సర్దుకోలేం. 2022 జూలై నుంచి పరిమితి దాటిన అమ్మకాల మీద 1 శాతం టీడీఎస్ కూడా ఉంది. నా పాత కార్డుల అమ్మకాలన్నీ ఏ రోజు ఎంతకో ఒక ఎక్సెల్ షీట్‌లో రాసుకుంటా, రిటర్న్ వేసేటప్పుడు ఆడిటర్ మొదట అడిగేది అదే.

కార్డులతో టీం కట్టి డబ్బు పందెం పెడదామన్న ఐడియాను మాటలోనే తుంచేశా. ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ డబ్బు ఆటల మీద 2020లోనే నిషేధం వచ్చింది, 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం చేసింది. ఆ చట్టంలోనే ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా, సరైన ఆటగా గుర్తించారు. దాంతో ఫోన్‌లో బీజీఎంఐ అనే తుపాకుల గేమ్ ఆడే మా బ్యాచ్‌కు ధైర్యం వచ్చి తమకూ కార్డులు కావాలన్నారు. డబ్బు పెట్టి కొన్న తుపాకీ స్కిన్లను వాళ్లు అమ్ముకోలేరు, అకౌంట్ పోతే అవీ పోతాయి. అది తెలిసే అడుగుతున్నారు. గేమ్ బొమ్మలు వాడకుండా చేతితో గీసిన గుర్తు, ఆడే పేరు, మ్యాచ్ ఫలితం వేసి చేయొచ్చన్నా.

కనుమ తర్వాత

ఫైనల్ అయిన రాత్రి స్కోర్‌బుక్ ముందు పెట్టుకుని వివరాల ఫైళ్లలో పరుగులు, వికెట్లు నింపి, వాటినీ పిన్ చేశాం. స్కోరర్‌కూ, ఓపెనర్‌కూ ఒక లెగ్‌బై దగ్గర పేచీ వచ్చింది. అది బ్యాట్‌కు తగిలిందని ఓపెనర్, ప్యాడ్‌కని స్కోరర్. పుస్తకంలో ఉన్నదే కార్డులోకి వెళ్లింది. 18వ నంబర్ కార్డు ముగ్గురిలో ఎవరికన్నది చీటీలు వేసి తేల్చాం.

మరునాడు అసలు పాలిగాన్‌లో కార్డులు ముద్రించాం. కాంట్రాక్ట్ పెట్టడానికే కాస్త ఎక్కువ పడింది, తర్వాత కార్డు కార్డుకూ పైసల లెక్క. అంతా కలిపినా టీ, బజ్జీల బిల్లు దాటలేదు. అందరి వాలెట్లలో కనబడ్డాక యాజమాన్యం వదులుకునే బటన్ నొక్కా. టెన్షన్ పడింది అక్కడొక్కచోటే.

తర్వాత అసలు పరీక్ష. మా డెస్క్‌టాప్ ఆపేసి, పిన్నింగ్ సర్వీసులోంచి ఫైళ్లు తీసేసి, షాపు కంప్యూటర్ ఒక్కదాన్నే ఉంచాం. ఐపీఎఫ్ఎస్ ఫైళ్లను బ్రౌజర్‌లో చూపించే సైట్‌ను గేట్‌వే అంటారు. అప్పటికే ఫైల్ చూపించిన గేట్‌వేలో మళ్లీ చూస్తే అది దాచుకున్న కాపీ చూపిస్తుంది, పరీక్ష కాదు. అందుకే అంతకుముందు వాడని గేట్‌వేలో తెరిచాం. కొన్ని కార్డులు వెంటనే వచ్చాయి, కొన్ని బాగా ఆలస్యంగా వచ్చాయి, ఒకటి రెండు రానే లేదు. షాపు రూటర్ వెనకనుంచి బయటివాళ్లు కంప్యూటర్‌ను చేరలేకపోతున్నారని తేలింది. రూటర్‌లో పోర్ట్ 4001 (ఐపీఎఫ్ఎస్ వాడే దారి) తెరిచి మళ్లీ చూస్తే అన్నీ వచ్చాయి. ఇది చేయకుండా "మూడు చోట్ల పిన్ చేశాం" అనుకుంటే అది కాగితం మీద లెక్కే.

పిన్నింగ్ సర్వీసులో ఫైళ్లు మళ్లీ ఎక్కించా, ఇంటి రూటర్‌లోనూ అదే పోర్ట్ తెరిచా. బీజీఎంఐ కార్డులకు గుర్తు గీసే పని ఫ్లెక్సీ తమ్ముడికి అప్పజెప్పాం, ఈసారి పేర్లు యూనికోడ్‌లోనే టైప్ చేస్తానన్నాడు. ఓపెనర్ ఇంకా లెగ్‌బై గురించే అడుగుతున్నాడు.